వంటవాడికి అంటిన గులాలు

తెనాలి తిరిగొచ్చి వారం దాటింది. గోళ్ళ సందుల్లో గులాబి రంగు ఇంకా పూర్తిగా వదల్లేదు. కట్టుడు పళ్ళ కొలత ఇవ్వడానికి వచ్చినవాళ్ళు నోరు తెరవబోయి, నా వేళ్ళు చూసి మూసేస్తున్నారు. ఎక్కడికెళ్ళొచ్చారు, ఏమైంది అని అందరూ అడిగేవాళ్ళే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే రాసి పడేస్తున్నాను, చదువుకోండి.

కట్టుడు పళ్ళు చేయడం నా బతుకుతెరువు. దుకాణం మూశాక చేసే పని వేరే ఉంది. వేలెడంత సిపాయి బొమ్మలు చేసి, రంగులు వేసి, యుద్ధంలో ఏదో ఒక ఘట్టాన్ని చెక్కపీట మీద నిలబెడతాను. పోటీలకు పంపుతాను. దీన్ని డయోరమా అంటారని మా ఆవిడకు ఎన్నోసార్లు చెప్పాను. ఆవిడ మాత్రం బొమ్మల కొలువనే అంటుంది.

కిందటేడు పోటీలో నా బొమ్మలు చూసిన జడ్జి, "మీ సిపాయిలు యుద్ధానికి వెళ్తున్నారా, పెళ్ళికి వెళ్తున్నారా?" అన్నాడు. బూట్లు మెరుస్తున్నాయట, చొక్కాలు నలగలేదట. పళ్ళు నిగనిగలాడించే చెయ్యి కదా, మురికి చేయమంటే మొరాయిస్తుంది. ఆ మాట నన్ను ఏడాదంతా నిద్రపోనివ్వలేదు. ఈసారి మాత్రం బురద, మసి, చెమట, చిరుగులు, ఒక్కటీ వదల్లేదు.

ఆలోచన మటుకు జనగామ యాదగిరిది. ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం అతనిది. హైదరాబాదులో ఒక ప్రదర్శనలో పరిచయమై, ఇద్దరం కలిసి చేయడం మొదలుపెట్టాం. నేల, నది, చెట్లు అతని వంతు, చేసి పీటతో సహా నాకు పంపుతాడు. మనుషులు నా వంతు. వాళ్ళ నాన్న ఓదెలుగారు డెబ్బై ఒకటి యుద్ధంలో తూర్పు సరిహద్దున ఉన్నాడు. సిపాయిగా కాదు, వంటవాడిగా.

"బాపును అందరు ఒక్కటే అడుగుతరు సాంబన్నా, ఎంతమందిని సంపినవ్ అని. వంకాయలు తరిగిన అంటడు. ఇగ అందరు నవ్వుడే" అని ఫోనులో చెప్పాడు యాదగిరి. "గా వంట జేసే కాడి సీనే జేద్దాం. బాపుకు కండ్లు పోతున్నయి. పోయిన సూపు మల్ల రాదన్నడు డాక్టరు. జరంత సూపున్నప్పుడే తను వండుతున్నది తను సూడాలె."

పోటీ కూడా వాళ్ళ నాన్న ఉండే భూపాలపల్లిలోనే. అక్కడి మాజీ సైనికులు కొందరు కలిసి పెడుతున్నారు. మొదటి బహుమతి వచ్చిన బొమ్మ పుణెలో జరిగే దేశస్థాయి పోటీకి వెళ్తుంది. దాపరికం ఎందుకు, యాదగిరికి వాళ్ళ నాన్న చూడటం ముఖ్యం, నాకు పుణె ముఖ్యం. దానికోసం ఎన్నో నెలలు కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నాను. వానలో నది ఒడ్డున ఆగిన చిన్న దళం, ఓ మూలన లారీ. రాళ్ళ పొయ్యి మీద పెద్ద గిన్నె, పక్కన గంటె పట్టుకున్న వంటవాడు. సిపాయిల ఒంటి మీద మన సైన్యం వేసుకునే ముదురు ఆకుపచ్చ. ఆ రంగు కుదరడానికే నాకు తల ప్రాణం తోకకొచ్చింది. వంటవాడి బనీను కూడా అదే రంగు వేశాను. సరిహద్దులో తెల్ల బనీను వేసుకుంటే దూరం నుంచి కనబడిపోతాడు. కంటికి కనబడకుండా మట్టిలో, ఆకుల్లో కలిసిపోవడమే ఆ రంగు చేసే పని. నా పనితనమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

మానుకోటలో ఆగిన రైలు

బయల్దేరేనాటికి తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీద ఉంది. బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గు గనులు లేవు. "ఇప్పుడా వెళ్ళేది? అందులోనూ మన వైపువాళ్ళా?" అని వీధిలో నలుగురూ నాలుగు రకాలుగా బెదరగొట్టారు. మా ఆవిడ పులిహోర పొట్లం కట్టిస్తూ, "పోలీసులు ఆ బొమ్మల తుపాకులు చూసి పట్టుకుంటే నాకు ఫోన్ చేయకండి" అంది.

ముందురోజే వంటవాడికి చివరిపూత వార్నిష్ వేశాను. మిగతావాళ్ళందరికీ ఎప్పుడో ఆరిపోయింది. వంటవాడి మొహం మీద చెమట సరిగ్గా రాలేదని మళ్ళీ మళ్ళీ దిద్ది, ఆఖరికి తడితడిగానే అట్టపెట్టెలో పెట్టాను. ముసురు పట్టి ఉంది, గాలిలో తేమ. దారిలో ఆరుతుందిలే అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

రైల్లో అందరి కళ్ళూ పెట్టె మీదే. ఎవరికీ చూపించకూడదనుకున్నాను కానీ ఎదురుసీటు పెద్దాయన వదల్లేదు. మూత కొంచెం ఎత్తి చూసి, "బాంబు పడ్డట్టు చేయకపోయారా? యుద్ధమంటే ఈ వంటలేమిటండీ?" అన్నాడు. పక్కనున్నావిడ, "నదిలో తామరపూలుంటే బాగుండేది" అంది. సరిహద్దు నదిలో తామరపూలు! మూత మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఎవరేమడిగినా నిద్రపోతున్నట్టు నటించాను.

మహబూబాబాద్‌లో రైలు ఆగింది. అక్కడివాళ్ళు మానుకోట అంటారు. పట్టాల మీద జనం బారులు తీరి కూర్చుని పాటలు పాడుతున్నారు. డప్పులు మోగుతున్నాయి. మబ్బు కింద, పట్టాల మీద, మా వీధిలో శ్రీరామనవమి పందిట్లో కూర్చున్నంత నింపాదిగా కూర్చున్నారు.

ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మే ఆయన్ని, "రైలు ఎప్పుడు కదులుతుందండీ?" అని అడిగాను.

"తెలంగాణ రాంగనే కదులుతది సారు" అన్నాడు, నవ్వకుండా.

చాయ్ తీసుకున్నాను. మా తెనాలిలో పొద్దున్నే కాఫీ నోట్లో పడకపోతే నాకు మాట రాదు, ఇక్కడ కాఫీ అడిగితే దవాఖాన నుంచి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు. ఇచ్చిన చాయ్ చిక్కగా, అల్లం ఘాటుగా ఉంది, ధర మా ఊరికంటే తక్కువ. ఇంకోటి అడిగితే అప్పుడు పట్టేశాడు.

"మీది ఆంధ్రనా సారు?"

చుట్టూ ఒకసారి చూశాను. తెనాలి అన్నాను.

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. మీ సినిమాలల్ల మా లెక్క మాట్లాడేటోడు ఎప్పుడు జూసినా రౌడీ అయితడు, లేకుంటె పనోడు అయితడు. గట్లెందుకు?"

అతను అడిగింది నిజమే. నా చిన్నప్పటి నుంచీ ఆ నవ్వులు హాల్లో నేనూ విన్నాను. "నేను సినిమాలు తీయనండీ, కట్టుడు పళ్ళు చేస్తాను" అన్నాను.

"పండ్లా? గట్ల జెప్పవేంది!" అని కొట్టు వెనక్కి తిరిగి, "అవ్వా, ఇటు రా!" అని కేకేశాడు.

అంతే. యుద్ధం ఒళ్ళో పెట్టుకుని, మానుకోట స్టేషన్‌లో, వాళ్ళమ్మ నోట్లోకి టార్చిలైటు వేసి చూస్తూ కూర్చున్నాను. ఎవరో కట్టిన పళ్ళు కింది చిగుళ్ళకు ఒరుసుకుపోయి పుండు పడింది. ఎక్కడ అరగదీయాలో గుర్తు పెట్టి, ఎవరి దగ్గరికి వెళ్ళినా ఇది చూపించమన్నాను. అవ్వ నా గడ్డం పట్టుకుని, "సల్లగుండు బిడ్డా" అంది. కొడుకు చాయ్ డబ్బులు తీసుకోలేదు. పైగా జనగామ వైపు వెళ్ళే ఆటో ఒకటి వెతికి, వాడితో బేరం కూడా తనే ఆడాడు. నేనాడితే అడిగినంతా ఇచ్చేవాణ్ణే.

తొర్రూరు దారిలో వంట

ఆటో తొర్రూరు దాటకముందే ఆగిపోయింది. రోడ్డు మధ్యలో రాళ్ళ పొయ్యిలు, పొయ్యిల మీద గంగాళాలు, చుట్టూ ఆడవాళ్ళు ఉల్లిపాయలు తరుగుతున్నారు. దీన్ని వంటావార్పు అంటారట. ఉద్యమంలో రోడ్డును ఇలా ఆపుతారు. మా వైపు రోడ్డు ఆపితే టైర్లు కాలుస్తారు, గొంతు చించుకుంటారు. ఇక్కడ అన్నం వండుతున్నారు. వండింది తినిగానీ ఎవరూ కదలకూడదు. అంటే నన్ను ఆపింది అన్నం కోసం కాదు, ఆపడం కోసమే, కానీ అన్నం తినక తప్పదు. ఈ లెక్క నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

మెడలో కండువా వేసుకున్న ఒకాయన ఆటోలోకి తొంగి చూశాడు. "ఏంది సారు డబ్బాల?"

రైలెక్కినప్పటి నుంచీ అదే ప్రశ్న విని విని విసిగిపోయి ఉన్నాను. "సైన్యం" అన్నాను.

ఆ మాటతో ఉల్లిపాయల చప్పుడు ఆగిపోయింది. "మిలిటరీనా? ఏడ? ఎంతమంది?" అని ఆయన గొంతు పెంచాడు. నా తెలివికి నేనే తల కొట్టుకుని, పెట్టె దించి, మూత తీసి చూపించాను. జనమంతా మూగారు.

"పోలీసోళ్లా?"

"పోలీసులు కాదండీ. రంగు చూడండి. పోలీసులది ఖాకీ. ఇది..."

ఎవరు వింటారు? గంటెతో పప్పు కలుపుతున్న ఒక అక్క జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. మనిషి దిట్టంగా ఉంది, చెంగు బొడ్లో దోపుకుని, నుదుట, చెంపల మీద, జుట్టులో ఉద్యమ జెండా రంగు పొడి, గులాబి గులాలు. వంగి చూసింది. సిపాయిలని వదిలేసి నేరుగా వంటవాడి మీద వేలు పెట్టింది.

"ఓయమ్మో! గీడ గూడ వంటావార్పే నడుస్తాంది! మా లెక్కనే రాళ్ల పొయ్యి మీద వండుతుండు, సూడుండ్రి!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. అంతలో ఆవిడ కొంగుముడి విప్పి చిటికెడు గులాలు తీసి, "జవాన్లను బొట్టు వెట్టకుండ సాగనంపుతరా?" అని వంటవాడి నెత్తిన వేసింది.

నేను "అమ్మా!" అని అరిచేలోపు వెనకున్నవాళ్ళు కూడా తలా ఒక చిటికెడు చల్లారు. ఆ ఊళ్ళలో ఎవరొచ్చినా, ఏ బండి ఆగినా ముందు గులాలు పడాల్సిందే, అది మర్యాద. గాలి వీచింది. నది మీద, బురద మీద, లారీ చక్రాల మీద, నేను గుర్రపువెంట్రుక కుంచెతో ఒక్కొక్కటిగా మసి పెట్టిన చేతుల మీద, అంతా గులాబి!

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎంత కష్టపడ్డానో తెలుసా మీకు? పోటీకి వెళ్ళాల్సింది ఇది! కొంచెమైనా..." అని నోటికొచ్చింది అరిచాను. జేబులోంచి గాలి ఊదే రబ్బరు బుడ్డి తీసి ఊదడం మొదలుపెట్టాను. పళ్ళ పనికి అది ఎప్పుడూ నా దగ్గరుంటుంది. ఆరిన బొమ్మల మీద నుంచి పొడి లేచిపోయింది. వంటవాడి మీద మాత్రం వార్నిష్ ఇంకా పచ్చిగానే ఉంది. తల, మొహం, బనీను, భుజాల మీద పడ్డ గులాలంతా పీల్చుకుని గట్టిగా పట్టుకుంది. నెలల తరబడి కుదిర్చిన ఆకుపచ్చ పోయి, జాతరలో అమ్మే మిఠాయి రంగుకు తిరిగాడు.

అక్క ముఖం చిన్నబోయింది. తర్వాత కోపమొచ్చింది. "మంచికే జేసిన గద నాయినా. గాడు ఒక్కడే అందరికి వండుతుండు, గాయినకే ఎవ్వరు బొట్టు వెట్టకపోతె ఎట్ల?"

నేను ఇంకా ఊదుతూనే ఉన్నాను. నన్ను చాప మీద కూర్చోబెట్టి విస్తరి వేశారు. వేడన్నం, టమాట పప్పు, పచ్చిపులుసు. మా ఇంట్లోనూ పచ్చిపులుసు చేస్తాం కానీ అందులో బెల్లం పడుతుంది. ఇక్కడిది కాల్చిన మిరపకాయతో చెవుల్లోంచి పొగ వచ్చేట్టు ఉంది. కోపంతోనే తిన్నాను. కోపంతోనే మారు పెట్టించుకున్నాను. వడ్డించింది ఆ అక్కే, వద్దన్నకొద్దీ వేసింది.

జనగామలో

సాయంత్రానికి జనగామ చేరాను. యాదగిరి దుకాణంలో గోడనిండా పెళ్ళి ఫోటోలు, దేవుళ్ళు, ఎమ్మెల్యేలు, అన్నీ ఫ్రేముల కోసం వరస కట్టి ఉన్నాయి. మధ్యలో మా బొమ్మ కోసం చేసిన గాజుపెట్టె సిద్ధంగా ఉంది. అది నాతో ఉండి ఉంటే ఇవాళ ఈ గతి పట్టేది కాదు. పగులుతుందని నేనే రవాణాకు ఒప్పుకోలేదు.

అట్టపెట్టె తెరిచి చూసి యాదగిరి నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాపు గూడ ఉద్యమంల కలిసిండా ఏంది!"

"నవ్వకు. నీకిది ఆటలా ఉందా? రేపు ప్రయాణం, ఎల్లుండి పోటీ. కిందటేడు పెళ్ళికొడుకులన్నారు, ఈసారి హోలీ అంటారు."

"కోపం జేయకే అన్నా. భూపాలపల్లికి పొద్దుగాల్నే పోతం. రేపు మాపటికల్ల రంగు దీసి మల్ల వెయ్యరాదా?"

వేయొచ్చు. వార్నిష్ కరిగించే మందు, ఆకుపచ్చ రంగు, కుంచెలు అన్నీ నా సంచిలో ఉన్నాయి. అదే నాకు మిగిలిన ధైర్యం. అతని భార్య సర్వపిండి చేసి పెట్టింది, గిన్నె అడుగున అద్ది కాల్చిన బియ్యప్పిండి రొట్టె, పల్లీలు, నువ్వులు, కరివేపాకు వేసింది. అంచులు కరకరలాడుతుంటే కోపం నిలబెట్టుకోవడం కష్టమే. కానీ నిలబెట్టుకున్నాను. తింటూ కూడా నేల సంగతి ఎత్తి మళ్ళీ తగవు పెట్టుకున్నాను. తూర్పు సరిహద్దు బురద నల్లగా ఉంటుందని నేను మొత్తుకున్నా వినకుండా అతను జనగామ ఎర్రమట్టి కలిపాడు. "మట్టి మట్టే అన్నా" అంటాడు. కాదు. మట్టి మట్టి కాదు. ఎన్నిసార్లు చెప్పాలి?

టెంటు సామాన్ల వ్యాను

బస్సులు లేవు కదా, భూపాలపల్లికి ఎలా? యాదగిరికి తెలిసినాయన టెంటుహౌస్ వ్యాను ఉంది. దారి పొడుగునా సమ్మె శిబిరాలకు షామియానాలు, కుర్చీలు దించుకుంటూ వెళ్తుంది. ఆ వ్యానును మాత్రం ఎవరూ ఆపరు. "గింత మంచి బండి దొరకది" అన్నాడు యాదగిరి.

ఎవరూ ఆపరన్నది నిజమే. అదే ఆగుతుంది. ప్రతి శిబిరం దగ్గరా ఆగి, కుర్చీలు దించి, ఎవరో ఇచ్చిన చాయ్ తాగి, ఉపన్యాసం ఒకటి విని, మళ్ళీ ఎక్కడం. గాజుపెట్టె నా ఒళ్ళో, నా పక్కన మడత కుర్చీల గుట్ట, గుంత వచ్చినప్పుడల్లా అవి నా మీదకి ఒరగడం. పరకాల దగ్గర ఒక శిబిరంలో నన్ను కూడా వక్త అనుకుని మైకు చేతికిచ్చారు. నా యాస విన్నారంటే ఏమంటారోనని గొంతు పోయినట్టు సైగ చేశాను. మిరియాల పాలు తెచ్చిచ్చారు.

పరకాల దాటాక పొలాలు పలచబడి చెట్లు మొదలయ్యాయి. గాలి చల్లబడింది. నా మనసు మాత్రం వంటవాడి భుజం మీదే ఉంది. ముందు మొహం తుడవాలా, బనీను తుడవాలా అని లెక్కలు వేసుకుంటున్నాను.

భూపాలపల్లి

మధ్యాహ్నం తిరిగే వేళకు చేరాం. గని కార్మికుల క్వార్టర్లలో యాదగిరి అక్క సమ్మక్క ఇల్లు. ఓదెలుగారు ఉండేది కూతురి దగ్గరే. పొడుగ్గా, ఎండిన చెరకులా ఉన్నాడు. గుమ్మం దాటేటప్పుడు ఒక చేత్తో గోడ తడుముతున్నాడు. నా చెయ్యి పట్టుకుని మొహంలో మొహం పెట్టి చూశాడు.

"పండ్ల డాక్టరువా? కూసో బిడ్డా. సల్ల తాగుతవా?"

డాక్టర్ని కాదని చెప్పేలోపు మజ్జిగ వచ్చింది. తాగేసి కిటికీ పక్కన బల్ల వేయించుకున్నాను. వెలుతురు ఉండగానే పని కావాలి. గాజుపెట్టె మూత తీసి, మందు సీసా తెరిచి, ఆకుపచ్చ కలిపి, కుంచె ముంచాను.

"ఆగు అన్నా" అన్నాడు యాదగిరి. "ముందుగాల బాపును జూడనీ."

సరే, ఎలాగూ చూపించడానికే కదా వచ్చింది. రంగు ఆరిపోతోందని గొణుక్కుంటూ కుంచె పట్టుకునే పక్కకు జరిగాను. యాదగిరి నాన్నని తీసుకొచ్చి బల్ల ముందు నిలబెట్టాడు. "బాపూ, నది ఒడ్డుకు మీ పల్టను. వాన పడ్తాంది. జూడు."

పెద్దాయన వంగాడు. ఇంకా వంగాడు. ముక్కు దాదాపు నదికి తగిలింది. చాలాసేపు చూశాడు.

"మన్ను గనవడ్తాంది" అన్నాడు. "మంచి మన్ను."

"మనుషులు బాపూ, మనుషులు. గీడ సిపాయిలు, గా మూలకు లారీ."

"మన్నే బిడ్డా."

కిటికీ రెక్క పూర్తిగా తెరిచాను. సమ్మక్క లైటు వేసింది. పీటను ఇటు తిప్పి, అటు తిప్పి చూపించాం. ఆయనకి మట్టి తప్ప ఏమీ ఆనలేదు. శత్రువు కంటబడకుండా నేను అంత జాగ్రత్తగా కలిపిన ఆకుపచ్చ ఈ ముసలాయన కంటికీ ఆనకుండా పోయింది. యాదగిరి మొహం చూడలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది, ఎవరి మీద కోపమో తెలియని కోపం కూడా వచ్చింది.

లేవబోతూ ఆయన ఆగాడు. "గా ఎర్రగున్నోడు ఎవలు?"

యాదగిరి, నేను ఇద్దరం ముందుకు వంగాం.

"గీ పొయ్యి కాడ. గాడు గంటె వట్టుకున్నడా?"

"నువ్వే బాపూ" అన్నాడు యాదగిరి.

ఓదెలుగారు బల్ల అంచు పట్టుకుని మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. వేలు పెట్టి చూపిస్తూ, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పాడు.

"గిసొంటి వానే. కట్టెలు మండకపోతుండె. పొద్దుగాల అందరు దిని పోయిన్రు. మాపటికి గూడ ఎప్పటి లెక్కనే వండిన. పొద్దుగాల ఎంతమంది తిన్నరో గంతమందికి. సీకటి వడే యాల్లకు సగం మందే వచ్చిన్రు. గంగాళంల సగం అన్నం గట్లనే ఉన్నది. గా అన్నం ఏం జెయ్యాల్నో నాకు ఎవ్వలు జెప్పలె."

సమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. వంకాయలు తరిగానని మాత్రమే చెప్పేవాడు.

తర్వాత ఆయన మళ్ళీ వంగి, వంటవాణ్ణి పట్టి పట్టి చూశాడు. "పిలగా, తప్పు జేసినవ్. నేను పుర్రచెయ్యోన్ని. గంటె గీ చేతిల ఉండాలె" అని తన ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు. "ఇంకోటి. గిన్నెల అన్నం తక్కువున్నది."

కుంచె మీద ఆకుపచ్చ గట్టిపడిపోయింది. వెళ్ళి కడుక్కొచ్చాను. మందు సీసాకు మూత బిగించాను.

పోటీ

మర్నాడు పోటీ కమ్యూనిటీ హాల్లో అన్నారు. వెళ్తే హాల్లో సమ్మె వాళ్ళ నిరాహార దీక్ష జరుగుతోంది. బొమ్మల పోటీని బయట షామియానా కిందికి మార్చారు. మేం వ్యానులో మోసుకొచ్చిన షామియానాయే అది.

జడ్జి రిటైరైన సుబేదారు. భూతద్దం పెట్టి నా బురద చూశాడు, బూట్లు చూశాడు. "బాగుంది, చాలా బాగుంది" అన్నాడు. భూతద్దం పొయ్యి దగ్గరికి వచ్చి ఆగింది.

"సైన్యంలో గులాబి బనీను ఎక్కడ చూశారండీ మీరు?"

చెప్పడానికి నాకు చాలా ఉంది. వార్నిష్, తేమ, తొర్రూరు దారి, మర్యాద. ఏది చెప్పినా, రాత్రే ఎందుకు దిద్దలేదని అడుగుతాడు. ఆయన తల అడ్డంగా ఊపి ముందుకు వెళ్ళిపోయాడు. మొదటి బహుమతి ఒక టాంకుకు వచ్చింది. దాని గొట్టం చివర దూది అంటించారు, అది పొగ అట. దూది! నాకు ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లారుతుందన్న ఆశ కూడా లేదు.

పెద్దాయన మాత్రం ఆ రోజంతా మా బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళందరికీ వేలు పెట్టి, "గా గులాబి రంగోడు నేనే" అని చూపించాడు. దీక్షలో కూర్చున్న కార్మికులు నీళ్ళకు లేచినప్పుడు వచ్చి చూశారు. అందరూ ముందు ఆ గులాబి మనిషినే చూశారు. ఎంతమందిని సంపినవని ఒక్కరూ అడగలేదు.

"ఏం వండినవ్ తాతా?" అని అడిగారు.

ఆయన చెప్పాడు. అడిగినవాళ్ళందరికీ, మొదటి నుంచి, అన్నం మిగిలిన దాకా చెప్పాడు.

మళ్ళీ తెనాలి

పీట, నది, సిపాయిలు, గాజుపెట్టె అన్నీ ఆయన ఇంట్లోనే వదిలేసి వచ్చాను. వట్టి చేతులతో దిగితే మా ఆవిడ, "బొమ్మల కొలువు అమ్ముడుపోయిందా?" అంది.

ఇప్పుడు కొత్త వంటవాణ్ణి చేస్తున్నాను. తప్పనిసరి. వచ్చిన దగ్గర్నుంచీ యాదగిరి రోజూ ఫోన్ చేసి, "బాపు అడుగుతుండు, చెయ్యి ఎప్పుడు మారుస్తవని" అంటూ నా ప్రాణం తీస్తున్నాడు. ఏ డబ్బాలోని రంగు కలిపినా ఆ గులాబి రావడం లేదు. మా బజార్లో గులాలు అడిగితే కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "ఈ రోజుల్లో మీకా రంగెందుకండీ?" అన్నాడు. చివరికి యాదగిరే పొట్లం పంపాడు. మూడుసార్లు పగలగొట్టి నాలుగోసారికి ఎడమచెయ్యి కుదిరింది. గంటె ఆ చేతిలోనే ఉంది. వార్నిష్ పూశాను, పచ్చిగా ఉండగానే గులాలు చల్లాను.

అన్నానికి పళ్ళు చేసే తెల్లపొడి వాడాను. ఈసారి దాని మీద మసి వేయలేదు, మురికి వేయలేదు, ఆయన కంటికి ఆనాలి కదా. కొత్త గంగాళం కూడా పెద్దదే చేసి అంచు దాకా నింపాను. పొద్దున తిని వెళ్ళినవాళ్ళందరికీ సరిపోతుంది.